రాతిగోడలో చీటీలు
(రేడియో ప్రసంగం)

ఇంట్లో ఒకరు పోతే నలుగురూ వస్తారు. చాపలమీద కూర్చుంటారు. తామూ కంట తడిపెట్టి, ఆ పైన ధైర్యం చెప్తారు. పెద్దకర్మ దాకా ఆ ఇంటికి మనుషుల కొరత ఉండదు. కాని షామియానా విప్పి, అద్దెగిన్నెలు తిరిగి పంపి, చుట్టాలందరూ బస్సులెక్కి వెళ్లిపోయిన మరునాటినుంచి, ఆ ఇంట మిగిలిన స్త్రీకి, ఆమె భార్య కానీయండి, తల్లి కానీయండి, పెళ్లికాని కూతురు కానీయండి, అసలైన దుఃఖం ఆరంభమవుతుంది. అప్పుడామె ఏడిస్తే, "ఇంకా ఎన్నాళ్లమ్మా ఇలా?" అని అడిగేవారే గాని, ఆ ఏడుపుకు ఇంట్లో ఇంత చోటు చూపేవారు అరుదు.

ఈ పూట నేను చెప్పదలచిన మాట చిన్నది. దుఃఖానికి ఒక చోటు కావాలి. ఆ చోటి పక్కన ఒక మనిషి కావాలి. ఈ మాటను నా మనస్సుకు హత్తుకొనేలా చెప్పిన నవల ఒకటి అమెరికాలో వచ్చింది. ముందు దాని కథ కొంత వినిపించి, పిమ్మట మన ఇళ్ల సంగతికి వస్తాను.

నవల పేరు 'ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ బీస్'. తేనెటీగల రహస్యజీవితం అన్నమాట. రచయిత్రి సూ మాంక్ కిడ్. ఆమె 1948లో జార్జియా రాష్ట్రంలో జన్మించింది. నర్సుగా శిక్షణ పొంది, కొంతకాలం ఆ వృత్తిలో ఉండి, తరువాత రచనకు వచ్చింది. ఈ నవల 2002లో వెలువడింది. 2008లో చలనచిత్రంగా కూడ వచ్చింది.

కథాకాలం 1964 వేసవి. స్థలం దక్షిణ కరొలైనా. ఆ సంవత్సరం జులై 2న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పౌరహక్కుల చట్టంమీద సంతకం చేశాడు. హోటళ్లలో, సినిమాహాళ్లలో, ఉద్యోగాలలో వర్ణాన్నిబట్టి మనుషులను వేరుచేయరాదని ఆ చట్టం శాసించింది. శాసనం రాజధానిలో ఒక్క దినంలో పుడుతుంది. పల్లెల్లో అది అమలుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలపు కథ ఇది.

లిలీ ఓవెన్స్ పద్నాలుగేళ్ల తెల్లపిల్ల. నాలుగేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకొంది. తలిదండ్రులు ఘర్షణపడుతుండగా నేలమీద పడిన తుపాకిని ఆ పసిచేయి ఎత్తితే అది పేలిందనీ, అమ్మ చావుకు తానే కారణమనీ, తెలిసీతెలియని జ్ఞాపకమొకటి ఆ పిల్లను అనుక్షణం దహిస్తూ ఉంటుంది. తండ్రికి పీచ్ పండ్లతోటలున్నాయి. కూతురిపై కోపం వస్తే మొక్కజొన్నరవ్వ నేలమీద పోసి, దానిపై మోకాళ్లు ఆనించి కూర్చోబెట్టే మనిషి. లిలీని పెంచింది రోజలీన్. తోటలో పండ్లు కోసే కూలికి వచ్చి, తల్లిలేని పిల్లకోసం ఇంటిపనిలోకి మారిన నల్లజాతి స్త్రీ ఆమె. చట్టం వచ్చిందని టెలివిజన్‌లో చూసి, ఓటరుగా పేరు వ్రాయించుకొందామని బయలుదేరితే, ముగ్గురు తెల్లవాళ్లు దారికి అడ్డం వచ్చారు. ఆమె తలవంచలేదు. దెబ్బలు తిన్నది ఆమె, ఖైదయినదీ ఆమే. లిలీ ఆమెను తప్పించి, తల్లి వస్తువుల్లో దొరికిన ఒక చిన్న చెక్కబొమ్మను చేతబట్టుకొని ఊరు విడిచింది. ఆ బొమ్మమీద నల్లని మేరీమాత రూపం. వెనుక ఒక ఊరిపేరు, టిబురాన్.

ఆ ఊళ్లో ఒక గులాబిరంగు ఇల్లు. ఆ ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దామె ఆగస్ట్, నడిపామె జూన్, చిన్నామె మే. తేనెటీగలను పెంచడం, తేనె తీసి, సీసాలకు పట్టి అమ్మడం వారి జీవిక. ఆ సీసాలమీదనే ఉంది ఆ నల్లని మేరీమాత బొమ్మ. ఒక తెల్లపిల్లా, ఒక నల్లామే గుమ్మంలోకి వచ్చి, ఏవో కట్టుకథలు చెప్పి, తలదాచుకోవడానికి చోటు అడిగారు. ఆగస్ట్ చోటిచ్చింది.

శ్రోతలారా, ఇక్కడ కొంచెం ఆగుదాం. లిలీ చెప్పినదంతా అబద్ధమని ఆగస్ట్‌కు మొదటి దినాన్నే తెలుసు. పిల్ల ముఖంలో తల్లి ముఖాన్ని ఆమె అప్పుడే గుర్తుపట్టింది. ఆ తల్లి చిన్నతనంలో ఆగస్ట్ వారింట పనిచేసి, ఆ పిల్లను పెంచినదే. ఐనా, "నీవు ఫలానావారి అమ్మాయివి కదూ?" అని అడగలేదు. పని నేర్పింది. తేనెపెట్టెల దగ్గర ఎలా మెలగాలో నేర్పింది. తేనె తీసే గదిలో పడుకోవడానికి మంచం చూపింది. వారాల తరబడి కనిపెట్టుకొని ఉంది. నిజం అడగడానికి లిలీకే ధైర్యం వచ్చిన నాడు, తనకు తెలిసినదంతా దాచకుండా చెప్పింది. పరామర్శకు వెళ్లి, కూర్చున్న అరక్షణంలోనే "ఎలా జరిగింది? ఎప్పుడు జరిగింది? చివరకు ఏమన్నారు?" అని ఆరాతీసే మనందరం ఆ ఓపికను ఆమెదగ్గర నేర్చుకోవలసి ఉంది. అడగకుండా కనిపెట్టుకొని ఉండడం కూడ ఆదరణమే.

ఇక మే సంగతి. నన్నడిగితే ఈ నవలకు ప్రాణం ఆమెలోనే ఉంది. మేకు ఏప్రిల్ అనే కవలసోదరి ఒకామె ఉండేది. పదకొండేళ్ల వయసులో ఇద్దరూ ఐస్‌క్రీమ్ కొనుక్కోవడానికి అంగడికి వెళ్లారు. తెల్లపిల్లలు లోపలనే నిలబడి తింటూ, బొమ్మల పుస్తకాలు చూస్తూ ఉన్నారు. వీరి చేతికి ఐస్‌క్రీమ్ ఇచ్చిన దుకాణదారు, బయటికి పోయి తినమన్నాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. కాని ఆ దినం ఏప్రిల్ మనస్సులో ఏదో తెగిపోయింది. ఆ పిల్ల మరి కోలుకోలేదు. పదిహేనేళ్లకు తన ప్రాణం తానే తీసుకొంది. హోటలు ముందర వేరే గ్లాసు పెట్టిన నేలమీద పుట్టినవారం మనం. ఆ అంగడిలో ఆ పిల్లకు తగిలిన దెబ్బ ఎక్కడ తగిలిందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

కవలసోదరి పోయిన నాటినుంచి మేకు తన దుఃఖమనీ, పరులదుఃఖమనీ భేదం లేకుండా పోయింది. వార్తల్లో ఎక్కడో ఎవరో మరణించారని విన్నా, తన ఇంట్లోనే జరిగినట్లు విలవిలలాడిపోతుంది. అక్కలు ఎంత ధైర్యం చెప్పినా ప్రయోజనం లేకపోయింది. అప్పుడు, జెరూసలేములో యూదులు తమ ప్రార్థనలను చీటీలపై వ్రాసి పురాతనమైన గోడసందుల్లో ఉంచుతారని విని, ఇంటి పెరట్లో చెట్ల మధ్య రాయిమీద రాయి పేర్చి, గోడ ఒకటి కట్టించారు. మేకు దుఃఖం ముంచుకొచ్చినప్పుడల్లా ఆమె చిన్న కాగితంముక్కమీద ఆ సంగతి వ్రాసి, మడిచి, రాళ్ల సందులో దోపి వస్తుంది. బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబుపేలుడుకు బలియైన చిన్నపిల్లల సంగతి కూడ ఆ గోడలో ఉంది. అది 1963లో నిజంగా జరిగిన ఘోరం. నలుగురు బాలికలు పోయారు.

ఆ గోడ దుఃఖాన్ని తీర్చలేదు. తీరుస్తుందని ఎవరూ అనలేదు. ఉంచుకోవడానికి చోటిచ్చింది. అంతవరకు ఆ దుఃఖం మే గుండెల్లోనే ఉండేది. ఇప్పుడు పెరట్లో కూడ ఉంది. ఆ కొంచెపు భేదంతోనే ఆమె వంటచేయగలిగింది, పాటపాడగలిగింది, ఇల్లు నిలబెట్టగలిగింది.

మే గురించి మరొక్క చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. వంటింట్లో బొద్దింకలు కనిపిస్తే ఆమె చంపదు. తీపి బిస్కత్తుల పొడి, మార్ష్‌మాలో మిఠాయి తునకలు వంటింటినుంచి వీధిగడప దాకా దారిగా చల్లి, వాటంతట అవే బయటికి వెళ్లిపోయేలా చేస్తుంది. ఆమె వంగి ఆ పొడి చల్లుతుండగా చూసి లిలీ నిలువునా ఆగిపోయింది. ఎందుకంటారా? తన తల్లి కూడ అచ్చం అలాగే చేసేదని తండ్రి ఒకప్పుడు అన్నాడు. అమ్మ ఈ ఇంటికి వచ్చిందని, ఈ నేలమీద నడిచిందని ఆ పిల్లకు తెలిసింది ఏ ఉత్తరంవల్లనో కాదు, నేలమీది బిస్కత్తు పొడివల్ల. పోయినవారు మనకు పెద్దపెద్ద మాటల్లో దొరకరు. ఇలాంటి అలవాట్లలో దొరుకుతారు. ఈ ఒక్క సన్నివేశంకోసం ఈ నవల చదవవచ్చునని నా అభిప్రాయం.

కాని, శ్రోతలారా, గోడ ఒక్కటే చాలలేదు. ఆ ఇంటికి సహాయంగా ఉండే జాక్ అనే నల్లజాతి కుర్రవాణ్ణి, తాను చేయని నేరానికి జైల్లో పెట్టారు. మే తట్టుకోలేదని ఇంటిల్లిపాదీ ఆ వార్తను ఆమెకు తెలియకుండా దాచారు. ప్రేమతోనే దాచారు. ఒకనాడు టెలిఫోను మ్రోగింది, తీసింది మే. దాచిన వార్త దాచినందుకు మరింత బరువై ఆమెమీద పడింది. ఆ రాత్రి గోడదగ్గరకు వెళ్తానంది. మేమూ వస్తామన్నారు అక్కలు. వద్దు, ఒక్కదాన్నే వెళ్తానంది. సరేనని వెళ్లనిచ్చారు. ఆమె తిరిగి రాలేదు. ఇంటి వెనుక ఏటిలో ఆమెను కనుగొన్నారు.

చోటు కావాలి అన్నాను. చోటి పక్కన మనిషి కావాలి అనికూడ అందుకే అన్నాను. గోడ వినగలదేమో గాని, లేచి వచ్చి చేయి పట్టుకోలేదు.

మే పోయిన పిమ్మట ఆ ఇల్లు ఏమి చేసిందో రచయిత్రి తొందరపడకుండా వర్ణిస్తుంది. శవపేటికను ముందుగదిలో ఉంచి దగ్గర కూర్చున్నారు. తేనెపెట్టెలన్నిటికీ నల్లగుడ్డ కప్పారు. ఇంట్లో మరణం జరిగితే తేనెటీగలకు కూడ తెలియజేయాలన్నది అక్కడి పాతనమ్మకం. ఆ ఇంటితో కలసి మేరీమాతను కొలిచే స్త్రీలు, టోపీలు కుట్టే ఆమెతోసహా అందరూ, వండిన గిన్నెలు చేతబట్టుకొని వచ్చారు. వచ్చినవారు వెళ్లలేదు. ఉన్నారు. ఏడుపు వచ్చినప్పుడు ఏడ్చారు. మే చేసిన చిన్నచిన్న పనులు తలచుకొని నవ్వు వచ్చినప్పుడు నవ్వారు కూడ. లిలీని మొదటినుంచి దగ్గరకు రానీయని జూన్, ఎన్నో ఏళ్లుగా పెళ్లికి ఒప్పుకోని జూన్, ఆ దుఃఖంలోనుంచి లేచి, తనకోసం వేచి ఉన్న మనిషికి సరేనన్నది.

తరువాత లిలీ వంతు వచ్చింది. తల్లి ఒకప్పుడు తనను తండ్రిదగ్గర విడిచిపెట్టి ఈ ఇంటికి వచ్చిందని, మనస్సు చెదిరి కొన్నాళ్లు ఇక్కడే ఉండి, తనను తీసుకుపోవడానికి తిరిగి వెళ్లిన నాడే మరణించిందని ఆగస్ట్ నోట విన్నది. అమ్మ తనను విడిచిపెట్టిందన్న మాట ఆ పిల్ల సహించలేకపోయింది. ఆ రాత్రి తేనెసీసాలు ఒక్కొక్కటే తీసి గోడకేసి కొట్టింది. మన ఇళ్లలో అయితే ఎవరైనా ఏమంటారు? "పోయినవాళ్లమీద కోపమేమిటే, పాపం!" అంటారు. ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. తెల్లవారి రోజలీన్ వచ్చి, ఆ పిల్లతోపాటు కూర్చుని, గాజుపెంకులేరి, గది కడిగింది. పోయినవారిమీద కోపం కూడ దుఃఖంలో భాగమే. దానికీ చోటు కావాలి. నవల చివర తండ్రి వెతుక్కుంటూ వచ్చినప్పుడు, పిల్ల ఇక్కడే ఉంటుందని ఆగస్ట్ నిలబడి చెప్పింది. వెనుక ఆ స్త్రీలందరూ నిలబడ్డారు.

ఈ నవలమీద ఒక ఆక్షేపణ ఉంది. తెల్లపిల్ల గాయం మాన్పడానికే నల్లజాతి స్త్రీలందరినీ రచయిత్రి వినియోగించుకొన్నదని. ఆ మాటలో సత్యం లేకపోలేదు. ఆగస్ట్‌కు తనదంటూ దుఃఖం ఏమున్నదో మనకు తగినంత చూపలేదు. ఆ లోపం ఉన్నా, ఏప్రిల్ కథ చెప్పినప్పుడు మాత్రం రచయిత్రి కలం ఎక్కడా తడబడలేదు. దుఃఖమంతా విధి పెట్టినది కాదు. కొంత సాటిమనిషి పెట్టినది. ఆ విషయం ఆమెకు స్పష్టంగా తెలుసు.

రక్తసంబంధం లేని స్త్రీలు ఒకరినొకరు నిలబెట్టుకోవడం మన సాహిత్యానికి కొత్త కాదు. ఓల్గాగారి 'విముక్త' కథల్లో సీత అడవిలో శూర్పణఖను కలుసుకొంటుంది, అహల్యను, రేణుకను కలుసుకొంటుంది. వారి బాధలు వినడంవల్లనే తన బాధను మోసే బలం పొందుతుంది. 2015లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. చదవనివారు చదవండి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన పెరట్లో రాతిగోడ కట్టుకోలేం. చాలామందికి పెరడే లేదు. ఏం చేయగలం?

పూర్వం మన పల్లెల్లో ఆడవారు శోకాలు పెట్టేవారు. పోయినవాడు తొడిగిన చొక్కా మొదలు, తిన్న కూర మొదలు, అన్నీ తలచి తలచి, రాగంతీసి ఏడ్చేవారు. చదువుకొన్నవారమై మనం దాన్ని మోటు అన్నాం, మాన్పించాం. ఆ స్థానంలో మరేమీ ఉంచలేదు. ఉంచవలసిన బాధ్యత మనది.

వ్రాయగలిగినవారికి ఒక నోటుపుస్తకం చాలు. అది వంటింటి అలమరలో, పోపులడబ్బా పక్కన ఉండనీయండి. ఆ ఇంటిలో ఎవరూ దాన్ని తెరవరాదు, ఇది నియమం. భర్త పోయిన ఇల్లాలు, సాయంత్రం ఆయన స్కూటరు శబ్దం వినవచ్చే వేళకు గుండె ఆగినంత పనైతే, రెండు ముక్కలు వ్రాసి మూసేస్తుంది. తప్పులున్నా ఫరవాలేదు, వాక్యం పూర్తికాకపోయినా ఫరవాలేదు.

వ్రాయలేనివారికి మనిషే పుస్తకం. పొరుగింటామె మధ్యాహ్నం పూట ఒక కట్ట గోంగూర తెచ్చి ఎదురుగా కూర్చుంటే చాలు. చేతులు ఆకు ఒలుస్తూ ఉంటాయి. కళ్లలోకి కళ్లు పెట్టి చూడవలసిన పని ఉండదు. పది కట్టల తరువాతనో, పది రోజుల తరువాతనో ఆమె తనంతట తాను, "ఆయనకు గోంగూర పచ్చడంటే ప్రాణం వదినా" అంటుంది. అప్పుడు మీరు చెప్పవలసినది ఏమీ లేదు. "పోనీలే, మరచిపో" అనవద్దు. "నీకంటే కష్టంలో ఉన్నవాళ్లు లేరా?" అనవద్దు. "ఎలా చేసిపెట్టేదానివి?" అని అడగండి. చెప్పనీయండి. ఆ మధ్యాహ్నం ఆమెకు రాతిగోడ దొరికినట్లే.

హాస్టలులో ఉండి ఉద్యోగం చేసే అమ్మాయిల సంగతి ఒకటుంది. తల్లి పోయి, కర్మలు ముగించుకొని, సెలవు అయిపోయి తిరిగి వచ్చిన అమ్మాయికి ఆ గదిలోని తక్కిన ముగ్గురే ఇల్లు. ఆమె చుట్టూ నిశ్శబ్దంగా తిరగవద్దు. అమ్మ ఫోటో గోడకు పెట్టుకోమనండి. రోజూ అమ్మతో మాట్లాడే వేళకు ఆమె ఫోను చేతబట్టుకొని ఊరకే కూర్చుంటే, మీలో ఒకరు వెళ్లి పక్కన కూర్చోండి. అంతే చాలు.

మరొక మాట గట్టిగానే చెప్తాను. భర్త పోయిన స్త్రీని పేరంటానికి పిలవకుండా, పెళ్లిలో వెనుక వరుసకు నెట్టి, శుభకార్యం నాడు ఎదురు రానీయకుండా చేసి, ఆ తరువాత ఇంటికి వెళ్లి ఆమెకు ధైర్యం చెప్పడం ఎంతమాత్రం సరికాదు. పిలవండి. ముందు వరుసలో కూర్చోబెట్టండి. బొట్టు పెట్టండి.

మళ్లీ చెప్తున్నాను: దుఃఖానికి చోటు కావాలి, చోటి పక్కన మనిషి కావాలి. చెడ్డవార్త దాచి ఉంచకండి. దగ్గర కూర్చుని చెప్పండి. ఎవరైనా, "నాకు విసుగెత్తింది, ఇక మోయలేను" అంటే, "ఒక్కదాన్నే ఉండనీయండి" అని పట్టుబడితే, ఆ రాత్రి మాత్రం ఆమెను ఒంటరిగా వదలవద్దు. మీకు తోచనప్పుడు అడగడానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ అనే సేవ ఉంది. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. డబ్బు తీసుకోరు. తెలుగులో మాట్లాడవచ్చు. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. ఆ సంఖ్య 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. వ్రాసుకొని, ఇంట్లో అందరికీ కనిపించే చోట అంటించండి.